ఆయుధాగారం అన్న ఒక్క మాట

ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచాక ఆయన అన్న మొదటి మాట "ఆయుధాగారం".

బీపీ చూస్తున్న నర్సు చెయ్యి ఆగిపోయింది. ఆయన మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి ఏదో అడుగుతున్నట్టు. నర్సు వెనక్కి తిరిగి, గోడవార స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య వంక చూసింది.

"ఆయన పనిచేసేది అక్కడేనమ్మా. పటాలంలో తుపాకులూ అవీ భద్రపరిచే చోటు. తాళాలు ఈయన దగ్గరే ఉంటాయి. మీరేం భయపడకండి, ఈయన దోమను కొట్టడానిక్కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించే రకం."

ఆమె లేచి మంచం దగ్గరికొచ్చి ఆయన మొహం మీదికి వంగింది.

"నేనెవరో తెలుస్తోందా?"

ఆయన ఎడమచేత్తో ఆమె చెంగు పట్టుకున్నాడు. "ఆయుధాగారం," అన్నాడు మెత్తగా. కంటి చివరనుంచి నీటిబొట్టు జారి చెవిలోకి పోయింది.

సాయంత్రం డాక్టరు వచ్చి విడమరిచి చెప్పాడు. మెదడులో ఎడమవైపు నెత్తురు గడ్డకట్టింది. కుడి చెయ్యీ కాలూ బలహీనపడ్డాయి, అవి మెల్లగా దారికొస్తాయి. మాట సంగతి మాత్రం ఇప్పుడే ఏమీ అనలేం. ఎదుటివాళ్ళు అన్నది ఆయనకు చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది. కానీ నోటిదాకా వచ్చేసరికి ఏది చెప్పబోయినా ఆ ఒక్క మాటే బయటపడుతుంది. కొందరికి ఇలాగే ఒక తిట్టు మిగిలిపోతుంది, కొందరికి ఎవరిదో పేరు మిగిలిపోతుంది.

"తిట్టు మిగల్లేదు కదండీ, అదే పదివేలు," అంది భార్య.

ఆ మాటకు ఆమె కూతురు తల వంచుకుని నవ్వింది, నవ్వు మధ్యలోనే ఏడ్చింది.

ఆమె దర్జీ. ఇంటి ముందుగదిలో రెండు కుట్టు మిషన్లు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మొదటి భర్త పోయిన కొన్నేళ్ళకు, ఖాకీ ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన ఈయనతో పరిచయమైంది. ప్యాంటు తర్వాత చొక్కాలు తెచ్చాడు, చొక్కాల తర్వాత దుప్పట్లు తెచ్చాడు, చివరికి ఎక్కడా చిరగని గుడ్డలు కూడా తెచ్చి కుట్టమనేసరికి ఆమెకు సంగతి బోధపడింది. పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆమె కూతురు నాలుగో తరగతిలో ఉంది. పిట్టంత తిండి తింటుందని తల్లి పెట్టిన ముద్దుపేరు పిట్ట. ఇంటా బయటా అదే ఖాయమైపోయింది.

పిట్ట ఆయన్ని బాబాయ్ అని పిలిచింది. నాన్న అనమని ఎవరూ బలవంతపెట్టలేదు. వచ్చిన కొత్తలో ఒకరోజు భయంభయంగా అడిగింది.

"బాబాయ్, నువ్వు ఎవర్నైనా కాల్చావా?"

"లేదమ్మా. కాల్చేవాళ్ళు వేరు. నేను దాచేవాణ్ణి."

పిల్లకు ఆ జవాబు ఆనలేదు. తుపాకుల మధ్య పొద్దంతా గడిపి వచ్చే మనిషి చేతికి అన్నం పళ్ళెం అందించాలన్నా జంకేది. ఆ జంకు పెద్దయ్యాక పోయింది గానీ దాని స్థానంలో చనువు రాలేదు. ఇద్దరికీ పేచీ లేదు, మాటా లేదు. బడికెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను బాబాయ్" అనేది, ఆయన "జాగ్రత్తమ్మా" అనేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన వ్యవహారం దాదాపు అంతే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పట్టుబట్టాడు. పక్కింటావిడ అడిగితే, "మా బాబాయ్ తుపాకుల కొట్టులో పనిచేస్తాడు" అని పిట్ట చెప్పడం ఆయన చెవిన పడింది. ఆ సాయంత్రం పిలిచి కూర్చోబెట్టాడు.

"కొట్టు కాదమ్మా, ఆయుధాగారం. కొట్టులో సరుకు వస్తుంది, పోతుంది, పోయింది ఏమైందో ఎవరికీ పట్టదు. ఆగారం అంటే ఇల్లు. ఇంట్లోంచి వెళ్ళింది తిరిగి ఇంటికి రావాలి. రాకపోతే ఎదురుచూసేవాడు ఒకడుండాలి."

పిట్ట సరేనంది. నోరు తిరగని మాట ఒకటి నేర్పడానికి ఇంత ఉపోద్ఘాతమెందుకో ఆ వయసులో దానికి తెలియలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ మాట ఇల్లంతా నిండిపోయింది. మంచినీళ్ళు కావాలన్నా ఆయుధాగారం, కిటికీ మూయాలన్నా ఆయుధాగారం, కాలు తిమ్మిరెక్కినా ఆయుధాగారం. తల్లి ఎలా పోల్చుకునేదో గానీ మిషను ముందునుంచి లేవకుండానే, "పిట్టా, దిండు కిందికి జారినట్టుంది చూడు," అనేది. చూస్తే నిజంగానే జారి ఉండేది.

పిట్టకు అది పట్టుబడలేదు. తను పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో, ఫ్రేముల్లో అద్దాలు బిగించే పని. ఆయన జబ్బుపడ్డాక పొద్దుటి పూట మాత్రమే చేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఆయన దగ్గర కూర్చునేది. అప్పుడు తల్లి కత్తిరింపుల పని పెట్టుకునేది. ఆయన ఒక మాట అంటాడు, పిట్ట నీళ్ళు తెస్తుంది. తల అడ్డంగా ఊపుతాడు. దుప్పటి తెస్తుంది, మళ్ళీ అడ్డంగా ఊపుతాడు. ఆరంభంలో ఇద్దరూ నవ్వుకునేవారు. పోనుపోను ఆయన నవ్వడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం పిట్ట గదిలోని వస్తువులన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి మంచం మీద పెట్టింది. ఏదీ కాదన్నాడు. "ఆయుధాగారం, ఆయుధాగారం," అంటూ మంచంపట్టె మీద కొట్టాడు.

"అబ్బ, ఎన్నాళ్ళు బాబాయ్ ఈ తుపాకుల గోల," అంది పిట్ట.

ఆయన నోరు మూసుకున్నాడు. గోడవైపు తిరిగి పడుకుని, రాత్రి అన్నం దగ్గర కూడా పెదవి విప్పలేదు. తల్లి అడిగితే పిట్ట జరిగింది చెప్పింది. తల్లి తిట్టలేదు. "ఉన్నది ఒక్క మాట. అది కూడా మనం లాక్కుంటే ఇంకేం ఉంటుందే ఆయన దగ్గర?" అంది, అంతే. ఆ రాత్రి పిట్టకు అన్నం సహించలేదు.

వారానికి రెండుసార్లు మాటలు నేర్పే డాక్టరమ్మ ఇంటికి వచ్చేది. తల్లి ఆమెకు మాటలమ్మ అని పేరుపెట్టింది. అది ఆమెకే బాగా నచ్చి, ఫోనులో కూడా "నేనండీ, మాటలమ్మని" అనేది. ఆమె పిట్టకు ఒక కిటుకు చెప్పింది.

"నువ్వు మాట వింటున్నావు. మాట వినకు, రాగం విను. అడిగేటప్పుడు ఎలా పైకి లేస్తోంది, చాలన్నప్పుడు ఎలా కిందికి దిగుతోంది, అది పట్టుకో. మీ అమ్మ చేస్తున్నది అదే."

ఆ మాటనే ముక్కలు చేసి, వాటితో కొత్త మాటలు కట్టాలని ఆమె ప్రయత్నం. "ఆయు అని ఆపండి," అనేది. ఆయన ఆపలేకపోయేవాడు. బ్రేకుల్లేని బండిలా మాట చివరిదాకా పోయి గానీ ఆగేది కాదు. ఒకరోజు చిత్రంగా మొదటి సగం మింగేసి తోకముక్క ఒక్కటే అన్నాడు: "గారం."

"ఇన్నేళ్ళ కాపురానికి ఇవాళ గారం చేశారు నన్ను," అంది తల్లి మిషను ఆపి. ఆయన బుగ్గలు పొంగేలా నవ్వాడు. కుడివైపు మూతి కాస్త వంకరపోయింది గానీ ఎవరూ పట్టించుకోలేదు.

వెళ్ళేముందు మాటలమ్మ అడిగింది. "ఆయన అక్కడ రోజంతా ఏం చేసేవారు? ఎవరితో ఏం మాట్లాడేవారు? అది తెలిస్తే మనకి పని తేలికవుతుంది."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పని కబుర్లు గుమ్మం బయటే వదిలి వచ్చే మనిషి. ఇద్దరికీ ఏమీ తెలియదు.

మర్నాడు పిట్ట సెలవుపెట్టి పటాలానికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. గేటు దగ్గర ఎవరి తాలూకు అని అడిగి, ఒక మనిషిని తోడిచ్చి పంపారు. మైదానం దాటాక రాతిగోడల భవనం, దానికి చిన్న ఇనుప తలుపు, తలుపు పక్కన ఊచల కిటికీ. కిటికీ వెనక, ఆయన కింద ఎన్నో ఏళ్ళు పనిచేసి ఇప్పుడు ఆ తాళాలు అందుకున్న లావుపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. సంగతి విని లేచి నిలబడ్డాడు.

"లోపలికి రానివ్వకూడదమ్మా, ఏమనుకోకండి. ఇక్కణ్ణుంచే చూడండి."

ఊచల్లోంచి పిట్ట చూసింది. లోపల చల్లగా, మసకగా ఉంది. కుట్టు మిషనుకు వేసే నూనె వాసనలాంటిది వచ్చింది. గోడల పొడవునా చెక్క అరలు, వాటిలో తుపాకులు నిటారుగా నిలబెట్టి ఉన్నాయి. కొన్ని అరల్లో తుపాకీ లేదు. అక్కడ మేకుకు ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది.

"ఆ బిళ్ళలేంటండీ?"

"జవాను తుపాకీ తీసుకెళ్ళేటప్పుడు తన బిళ్ళ ఇచ్చి పోతాడు. దాన్ని ఖాళీ అరలో తగిలిస్తాం. తుపాకీ తెచ్చి ఇస్తే బిళ్ళ తిరిగి ఇస్తాం. సాయంత్రానికి ఒక్క బిళ్ళ కూడా మిగలకూడదు. మిగిలిందంటే ఎవరో ఇంకా రాలేదన్నమాట." ఆయన గొంతు తగ్గించాడు. "మీ బాబాయ్ గారికి తుపాకులంటే మోజనుకునేరు. అసలు లేదమ్మా. తుపాకీ వచ్చిందంటే మనిషి వచ్చినట్టు, అదీ ఆయన లెక్క. బిళ్ళ ఉండగా తాళం వేసి ఇంటికెళ్ళిన రోజు లేదు. ఒకసారి వరదల్లో కాపలాకి వెళ్ళిన కుర్రాడు ఒకడు రాలేదు. పైవాళ్ళు తాళం వేసుకుని పొమ్మన్నా వినలేదు. ఇదిగో, ఈ కిటికీ దగ్గరే కూర్చున్నారు. వాడు తెల్లారి బురద కొట్టుకుని వస్తే ముందు టీ ఇచ్చి, తర్వాత తుపాకీ అడిగారు."

అంతలో లోపల ఫోను మోగింది. లావుపాటాయన వెళ్ళి ఎత్తి, "ఆయుధాగారం," అన్నాడు.

పిట్ట ఊచలకు ఇంకా దగ్గరగా జరిగింది. అదే విరుపు, చివర అదే లేపు. ఫోను ఎత్తిన ప్రతిసారీ, ఏళ్ళ తరబడి, అవతల ఎవరున్నా బాబాయ్ మొదట అన్నది ఇదే.

ఫోను పెట్టేసి వచ్చి లావుపాటాయన సందేహంగా అడిగాడు.

"అడగొచ్చో లేదో. మీ ఇంట్లో పిట్ట అని... అది మీరేనా?"

"నేనే. మీకెలా తెలుసు?"

"రోజూ తాళం వేసే ముందు ఇంటికి ఫోన్ చేసి, పిట్ట వచ్చిందా అని అడిగేవారు. వచ్చిందంటేనే తాళంచెవి తిప్పేవారు. మేం ఏదో పెంచుకుంటున్న పిట్ట అనుకున్నాం. రోజూ పంజరం తలుపు తీసి వదులుతారు కాబోలు, అది మళ్ళీ వస్తుందో రాదోనని బెంగ కాబోలు అని." ఆయన నవ్వబోయి పిట్ట మొహం చూసి మానేశాడు.

పిట్టకు గుర్తొచ్చింది. సాయంత్రం బడినుంచో, తర్వాత కాలేజీ నుంచో, ఆ తర్వాత దుకాణం నుంచో వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగేది. తల్లి ఎత్తి "ఆఁ, వచ్చింది" అని పెట్టేసేది. కరెంటు గురించో, నీళ్ళ గురించో అడుగుతున్నాడని తను అనుకునేది. ఒక్కసారి కూడా తల్లిని అడగలేదు. తల్లికి కూడా అది చెప్పాల్సిన విషయంలా తోచి ఉండదు.

ఇంటికెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి తల్లి బయటికి వెళ్ళింది. ఆయన మంచం మీద లేచి కూర్చుని వీధి తలుపు వంక చూస్తున్నాడు.

"ఆయుధాగారం?"

పిట్ట ఈసారి నీళ్ళకోసం పోలేదు. పక్కన కూర్చుంది.

"నేను వచ్చేశాను బాబాయ్. అమ్మ ఇంకా రాలేదు. బట్టలిచ్చి వస్తుంది, దగ్గరే."

ఆయన భుజాలు కిందికి దిగాయి. పిట్ట చెయ్యి మీద తన చెయ్యి వేసి, రెండుసార్లు తట్టి, వెనక్కి వాలాడు. ఆ తర్వాత వాళ్ళకు కబుర్లు కుదిరాయి. పిట్ట దుకాణం సంగతులు చెప్పేది. దూరపు అద్దాలు పెట్టుకుని తొలిసారి భార్య మొహం సరిగ్గా చూసి కంగారుపడిన పెద్దమనిషి కథ చెబితే, "ఆయుధాగారం" అని ఎంత వ్యంగ్యంగా అన్నాడంటే వంటింట్లోంచి తల్లికి పొలమారింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు దుకాణంలో సరుకు దిగింది. యజమాని పిట్టను ఉండిపొమ్మన్నాడు. ఇంటికి చెబుదామంటే ఫోను ఛార్జింగు అయిపోయింది. ఎంతలే, ఇదిగో అయిపోతుంది అనుకుంటూనే సాయంత్రమైంది. ఆటో దిగి తడుస్తూ ఇల్లు చేరేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఖాళీగా ఉంది. మూల ఆనించి ఉండే చేతికర్ర లేదు.

తల్లి అటునుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. "పక్కవీధిలో బట్టలిచ్చి వచ్చేసరికి లేరే. చుట్టుపక్కలంతా చూశాను."

పిట్టకు ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. తను దిగే బస్టాపు వైపు పరుగెత్తింది. ఇవాళ వాన అని ఆటోలో అడ్డదారిన వచ్చింది, అందుకే దారిలో తగల్లేదు. బస్టాపులో ఆయన లేడు. అక్కడున్న పళ్ళబండి మనిషి ఎదురుగా ఉన్న పోలీసు అవుట్‌పోస్టు వైపు చెయ్యి చూపించాడు.

ఒకే గది. బల్ల ముందు కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది, కుడికాలి చెప్పు ఎక్కడో పోయింది. కానిస్టేబులు బల్లకవతల తల పట్టుకుని ఉన్నాడు. ఆయన పిట్టను చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"ఈయన మీకేమవుతారమ్మా?" అన్నాడు కానిస్టేబులు.

"మా నాన్న."

"బస్సు దిగినవాళ్ళందరినీ ఆపి ఆయుధాగారం ఎక్కడుందని అడుగుతున్నారట. ఒకావిడ హడలిపోయి ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది. పేరేంటంటే ఆయుధాగారం, ఇల్లెక్కడంటే ఆయుధాగారం. వేళాకోళమా అని కాస్త గట్టిగా కూడా అడిగాను. పాపం, చెయ్యి చూశాక తెలిసింది."

"ఎక్కడుందని కాదండీ ఆయన అడిగింది. వచ్చిందా అని."

"ఏది?"

"నేను."

కానిస్టేబులు ఆమె వంకా ఆయన వంకా చూశాడు.

"ఆ మాటకి అది అర్థం కాదు కదమ్మా. తుపాకులు పెట్టే చోటని నాకూ తెలుసు."

"మామూలుగా అంతేనండీ. జబ్బు చేశాక ఆయనకి మిగిలిన మాట ఇదొక్కటే. అన్నీ దీంతోనే చెప్పాలి. మా ఇంట్లో సాయంత్రం పూట ఆ మాటంటే, అందరూ వచ్చారా అని."

 అతను బల్ల మీదికి వంగి, ఆయన్ని చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా అడిగాడు. "వచ్చిందిగా పెద్దాయనా మరి?"

"ఆయుధాగారం," అన్నాడు ఆయన. మాట చివర కిందికి దిగి, తలుపు వేసినట్టు ఆగింది.

"ఇది నాక్కూడా అర్థమైంది," అన్నాడు కానిస్టేబులు.

వాన సన్నబడింది. పోయిన చెప్పు దొరకలేదు. పిట్ట తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, ఆయన రెండో చెప్పు కూడా విప్పించి అదే చేత్తో పట్టుకుంది. ఇద్దరూ ఒట్టికాళ్ళతో నడిచారు. ఆయన ఒక అడుగు వేసి కుడికాలు ఈడ్చేవాడు, పిట్ట అంతసేపు ఆగేది. వీధి దీపాలు వెలుగుతున్నాయి.

"చెప్పకుండా ఉండిపోయాను. ఇంకెప్పుడూ అలా చెయ్యను," అంది పిట్ట.

ఆయన ఆగాడు. ఎడమచేతిలోని కర్రను చంకకు ఆనించి, ఆమె చున్నీ చివర పట్టుకుని పిండాడు. నీళ్ళు ధారగా కారాయి. ఆయన పెదవులు కదిలాయి, ఒకసారి ఊరికే, రెండోసారి ఊపిరితో, మూడోసారి మాటతో.

"తడి."

పిట్ట కదలకుండా నిలబడింది. ఆయన కూడా అన్నది తనేనా అన్నట్టు చూశాడు.

"తడి," అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా.

"అవును, తడిసిపోయాను. నువ్వూ తడిసిపోయావు."

గుమ్మంలో తువ్వాలుతో నిలబడ్డ తల్లి ఇద్దర్నీ కలిపి చీవాట్లు పెట్టింది. ఎవరు ఎవర్ని వెతకడానికి వెళ్ళారో, ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో తనకేమీ తెలియనవసరం లేదంది. ఆయన తల తుడుస్తుంటే ఆయన తువ్వాలు లోపలినుంచే "తడి" అన్నాడు. తల్లి చేతులు ఆగిపోయాయి. అప్పుడు మాత్రం ఆమె కూర్చుని ఏడ్చింది, ఆసుపత్రిలో కూడా అంతగా ఏడవలేదు.

ఇంటికొచ్చాక పిట్ట మళ్ళీ బాబాయ్ అనే పిలిచింది. అలవాటైన నోరు. ఆయనకది పట్టినట్టు లేదు.

ఉద్యోగంలోకి ఆయన తిరిగి వెళ్ళలేదు. ముందుగదిలో భార్య మిషను పక్కన కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో దారప్పోగులు కత్తిరించడం, గుండీలు రంగులవారీగా ఏరిపెట్టడం నేర్చుకున్నాడు. తడి తర్వాత చాలారోజులు ఏ మాటా రాలేదు. తర్వాత "దారం" వచ్చింది, "వేడి" వచ్చింది, ఒక వారంలోనే "కాదు", "చాలు" రెండూ వచ్చాయి. కొన్ని వచ్చి పోయాయి. పిట్ట అన్న పేరు మాత్రం ఎంత ప్రయత్నించినా "పి" దగ్గరే ఆగిపోయేది. పిట్ట ఆ ఒక్క అక్షరానికే పలికేది.

బడులు తెరిచే ముందు పని ముంచుకొచ్చింది. ఒకావిడ మూడోసారి వచ్చి, కొడుకు యూనిఫారం ఇంకా కాలేదా అని గుమ్మంలోనే నిలదీసింది. తల్లి లోపల కత్తెర వెతుకుతోంది. పిట్ట జవాబు చెప్పబోతుండగా, గుండీల డబ్బా ముందున్న ఆయన తలెత్తి, తడబాటు లేకుండా, ఎంతో మర్యాదగా అన్నాడు.

"రేపు."

ఆవిడ సరేనని వెళ్ళిపోయింది. తల్లి కత్తెరతో బయటికొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇంక నాకు దిగుల్లేదు. దర్జీ కొట్టుకి కావలసిన మాట వచ్చేసింది," అంది.